రాళ్ళు చదివిన ఫాదర్

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంపాదకవర్గంలోని మిత్రులు అడిగారు. బడి జ్ఞాపకాలు నాకంటే బాగా రాయగలవాళ్ళు మన బ్యాచ్‌లోనే పదిమంది ఉన్నారు. అందుకని నేను ఒక మనిషి చరిత్ర రాస్తానన్నాను. ఆయనకూ మన బడికీ చుట్టరికమేమీ లేదు. ఫ్రాన్సు దేశస్థుడు, కాథలిక్ గురువు, శిలాజాల శాస్త్రవేత్త. పేరు పియేర్ తెయార్ ద షార్దాఁ. నోరు తిరగడం కష్టమే కాబట్టి ఇక్కడ తెయార్ అనుకుందాం.

నేను నీటిపారుదల ఇంజనీరుని. ఆనకట్టల పునాదుల దగ్గర జియాలజిస్టులతో తిరిగిన రోజుల్లో, డ్రిల్లింగ్ చేసి తీసిన రాతి ముక్కల్ని కోర్ బాక్సుల్లో వరసగా పేర్చి చదవడం అలవాటైంది. మామూలుగా పైనున్నది కొత్తది, కిందున్నది పాతది. మధ్యలో ఒక పొర తప్పిందంటే అక్కడేదో జరిగిందన్నమాట. ఒకరోజు సాయంత్రం క్యాంపులో ఒక సీనియర్ జియాలజిస్టు మాటల మధ్య తెయార్ పేరెత్తారు. రాళ్ళ పని తెలిసిన మతగురువు అనేసరికి ఆసక్తి కలిగింది. అప్పటి నుంచి ఆయన రాసినవీ, ఆయన మీద ఇతరులు రాసినవీ దొరికినంతవరకు చదువుతూ వచ్చాను.

ఆ ఆసక్తికి విత్తనం మన బడిలోనే పడిందేమో. పదో తరగతిలో బయాలజీ మాస్టారు నుదుట విభూతి రేఖలతో వచ్చి, బోర్డు మీద గుర్రం కాలు ఎలా మారుతూ వచ్చిందో నాలుగు బొమ్మలు గీశారు. నాలుగు వేళ్ళు, మూడు వేళ్ళు, చివరికి ఒక్క గిట్ట. వెనక బెంచీ నుంచి ఒకడు లేచి, "మనమంతా మనువు సంతానమని మా తాతయ్య చెప్పాడు, మరి ఇదేంటి సార్?" అన్నాడు. మాస్టారు నవ్వి, "తాతయ్య చెప్పింది ఇంట్లో రాయి, నేను చెప్పింది పరీక్షలో రాయి" అన్నారు. క్లాసంతా నవ్వింది. మంచి జవాబే. మనలో చాలామందిమి ఆ జవాబుతోనే సుఖంగా బతికేస్తున్నాం కూడా. తెయార్ జీవితం చదివాక నాకు తెలిసిందేమిటంటే, ఆయన ఆ జవాబుతో సరిపెట్టుకోలేకపోయారు. ఇంట్లో రాసేదీ పరీక్షలో రాసేదీ ఒకటే కావాలన్నారు. దానికి ఆయన చెల్లించిన మూల్యం చిన్నదేమీ కాదు.

ఆయన 1881 మే 1న ఫ్రాన్సు నడిబొడ్డున ఓవెర్న్ ప్రాంతంలో, క్లెర్మాఁ ఫెరాఁ పట్టణం దగ్గర పుట్టారు. అప్పటికి డార్విన్ ఇంకా బతికే ఉన్నారు. ఓవెర్న్ అంటే చల్లారిన అగ్నిపర్వతాల సీమ. పదకొండు మంది పిల్లల్లో ఈయన నాలుగోవాడు. తండ్రికి రాళ్ళూ పురుగులూ మొక్కలూ సేకరించే అలవాటు, తల్లికి గాఢమైన దైవభక్తి. ఆ తల్లి వోల్టేర్ వంశంతో బంధుత్వం ఉన్న ఇంటి ఆడపడుచు కావడం చరిత్ర ఆడిన తమాషా.

చిన్నప్పుడు ఆయనకు ఇనుమంటే పిచ్చి. నాగలికి సంబంధించిన ఓ ఇనుప ముక్కను దేవుడిలా దాచుకున్నాడట. ఎప్పటికీ చెడిపోనిది, గట్టిది, నమ్మదగినది అదేనని ఆ పిల్లవాడి నమ్మకం. కొన్నాళ్ళకు అది తుప్పు పట్టింది. చూసి తట్టుకోలేకపోయాడు. ఆ తర్వాత ఇనుము వదిలి రాళ్ళ మీద పడ్డాడు. ఈ సంగతి ఆయనే పెద్దయ్యాక రాసుకున్నారు. తుప్పు సంగతి మా ఇంజనీర్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. గేట్లకు ఏటేటా రంగు వేయించేది అందుకే. కానీ తుప్పు చూసి దేవుడి గురించి ఆలోచించినవాళ్ళు మా శాఖలో నాకు తెలిసి ఎవరూ లేరు.

1899లో జెసూట్ సభలో చేరారు. మన విజయవాడలో ఆంధ్రా లయోలా కళాశాల నడుపుతున్నది ఆ సభవారే. చదువు చెప్పడం వాళ్ళకు కొత్త కాదు. తెయార్ కూడా 1905 నుంచి 1908 దాకా కైరోలో జెసూట్ బడిలో భౌతిక, రసాయన శాస్త్రాలు బోధించారు. తర్వాత ఇంగ్లండులోని హేస్టింగ్స్‌లో వేదాంత విద్య, 1911లో గురుపట్టం. హేస్టింగ్స్‌లో ఉండగానే ఫ్రెంచి తత్త్వవేత్త బెర్గ్‌సన్ పరిణామం మీద రాసిన పుస్తకం చదివారు. అప్పటిదాకా లోకం అంటే దేవుడు ఒకసారి అమర్చిపెట్టిన కట్టడం అనుకున్నవాడికి, అది ఇంకా కడుతూ ఉన్న కట్టడమని తోచింది. నా మాటల్లో చెప్పాలంటే పూర్తయిన ప్రాజెక్టు కాదు, నడుస్తున్న ప్రాజెక్టు.

అక్కడే ఒక మచ్చ కూడా అంటుకుంది. ఛార్లెస్ డాసన్ అనే ఔత్సాహికుడు పిల్ట్‌డౌన్ అనే చోట ఆదిమానవుడి పుర్రె దొరికిందన్నాడు. 1913లో అక్కడ తవ్వుతుండగా తెయార్‌కు ఒక కోరపన్ను దొరికింది. నలభై ఏళ్ళ తర్వాత, 1953లో, అదంతా మోసమని తేలింది. మనిషి పుర్రెకు కోతిజాతి జంతువు దవడ కలిపి, రంగు పూసి పాతిపెట్టారు. తెయార్‌కు కూడా ఇందులో చెయ్యుందని 1980లో స్టీఫెన్ జే గూల్డ్ అనుమానించారు. 2016లో వెలువడిన పరిశోధన మాత్రం ఇది ఒక్కడి పనితనమనీ, ఆ ఒక్కడూ డాసనేననీ వేలు చూపించింది.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఆయన గురువుగా వెనక ఉండిపోలేదు. ఉత్తర ఆఫ్రికా సైనికుల దళంలో గాయపడ్డవాళ్ళను మోసే స్ట్రెచర్ బేరర్‌గా పనిచేశారు. వెర్దాఁ యుద్ధరంగం చూశారు. ఇద్దరు తమ్ముళ్ళు ఆ యుద్ధంలో పోయారు. ఆయనకు సాహస పతకాలు వచ్చాయి. తన ఆలోచనల్ని మొదటిసారి కాగితం మీద పెట్టిందీ ఆ కందకాల మధ్యనే. యుద్ధం ముగిశాక 1922లో, ఫ్రాన్సులో దొరికిన ఈయోసీన్ యుగపు క్షీరదాల మీద సోర్బాన్‌లో డాక్టరేటు పొందారు. పారిస్ కాథలిక్ విశ్వవిద్యాలయంలో జియాలజీ అధ్యాపకులయ్యారు. వచ్చే విద్యార్థులు పెరిగారు, పేరు పెరిగింది.

అక్కడే చిక్కొచ్చింది. 1922లో, ఎవరో అడిగితే, జన్మపాపం గురించి ఒక చిన్న నోటు రాశారు. అచ్చు కోసం కాదు. ఈ సంగతి మన పాఠకుల్లో క్రైస్తవేతరులకు కొంచెం విడమరచాలి. ఆదాము అనే తొలి మనిషి దేవుడి ఆజ్ఞ మీరాడు, ఆ పాపం అతడి సంతానమైన మనుషులందరికీ వచ్చింది, మరణం కూడా ఆ పాపం వల్లనే లోకంలోకి వచ్చింది, క్రీస్తు వచ్చింది దాన్నుంచి విడిపించడానికి అన్నది సంప్రదాయ బోధ. తీసేస్తే మిగతా ఇల్లు నిలవదనుకునే మూలస్తంభం అది.

ఇప్పుడు శిలాజాలు చదివేవాడి కళ్ళతో చూడండి. మనిషి ఇంకా రాకముందు కోట్ల ఏళ్ళ పొరల్లో ఏముంది? చావే ఉంది. సున్నపురాయి అంటేనే చాలామటుకు చచ్చిన ప్రాణుల గుల్లల కుప్ప. మనిషి పాపం చేస్తే మరణం వచ్చిందంటే, ఆ పాపానికి ముందు చచ్చిన ఈ ప్రాణుల మాటేమిటి? పరిణామం ఒక్క జంటతో జరిగేది కాదు, ఒక సమూహంలో తరతరాలుగా జరిగేది. మరి ఆదాము ఒక్కడే ఎలా అవుతాడు? తెయార్ ఈ ప్రశ్నల నుంచి మొహం తిప్పుకోలేదు. పాపం అనేది ఒక తోటలో ఒక రోజున జరిగిన సంఘటనగా కాక, ఇంకా తయారవుతూ ఉన్న లోకంలో ఉండక తప్పని అపశ్రుతిగా చూడవచ్చేమో అని ఆలోచించారు. అంటే శాస్త్రాన్ని తగ్గించలేదు, మతాన్ని వదలనూ లేదు. మతంలోని ఒక బోధనే మళ్ళీ ఆలోచించుకుందాం అన్నారు.

మన దగ్గర ఈ సమన్వయం సులువుగా జరిగిపోతుందని చాలామంది అంటారు. ఆఫీసు క్యాంటీనులో ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. మత్స్యం నీళ్ళలో, కూర్మం నీళ్ళలోనూ నేల మీదా, వరాహం నేల మీద, నరసింహం సగం మృగం సగం మనిషి, వామనుడు పొట్టి మనిషి. ఇంకేం, డార్విన్ చెప్పింది మనవాళ్ళు ఎప్పుడో చెప్పారు! ఈ పోలిక కొత్తది కూడా కాదు. పందొమ్మిదో శతాబ్దంలోనే బెంగాలులో బ్రహ్మసమాజం నాయకుడు కేశవచంద్ర సేన్ చెప్పారు. వినడానికి ముచ్చటగానే ఉంటుంది. నా అభ్యంతరం ఒక్కటే. ఈ పోలికలో మన నమ్మకం ఒక్క అంగుళం కూడా కదలక్కర్లేదు. దశావతారాలు ధర్మరక్షణ కోసమన్నది పురాణం మాట. ఒక జాతి నుంచి మరో జాతి రావడం, వేటకు చిక్కినవి పోవడం, మిగిలినవి పిల్లల్ని కనడం దాంట్లో ఎక్కడా లేవు. రెండు జాబితాలు పక్కపక్కన పెట్టి టిక్కు కొడితే సమన్వయం కాదు. బరువు ఎక్కడ పడుతోందో చూసి, ఆ స్తంభాన్ని తట్టి చూడాలి. తెయార్ చేసింది అదీ.

ఆ నోటు ఎలాగో రోముకు చేరింది. ఇక ఈ విషయాలు మాట్లాడవద్దన్నారు. ఆరు ప్రతిపాదనలు పంపి సంతకం పెట్టమన్నారు. 1925లో ఆయన సంతకం పెట్టారు. పారిస్‌లో అధ్యాపక పదవి పోయింది. సభ వదిలి బయటికి రమ్మని సలహా ఇచ్చిన మిత్రులున్నారు. వస్తే ఏ యూనివర్సిటీ అయినా కళ్ళకద్దుకుని తీసుకునేది. ఆయన వెళ్ళలేదు. బయటికి వెళ్ళి అరిచిన మాటను లోపలివాళ్ళు ఎవరూ వినరని ఆయన లెక్క. పైగా తన దేవుణ్ణి తనకు చూపించిన ఇంటినే కాదంటే, తను చెప్పేదానికి కాళ్ళెక్కడ? ఇది పిరికితనమని అన్నవాళ్ళూ ఉన్నారు. నాకలా అనిపించదు. కానీ సంతకం పెట్టడం సబబేనని గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పమంటే, అదీ చెప్పలేను.

1923లోనే ఒకసారి చైనా వెళ్ళి, ఎమిల్ లిసాఁ అనే మరో జెసూట్‌తో కలిసి ఓర్డోస్ ఎడారి ప్రాంతంలో శిలాజాల కోసం తిరిగారు. ఒకరోజు పూజకు రొట్టె లేదు, ద్రాక్షరసం లేదు. అప్పుడు మొత్తం భూమినే పూజాపీఠంగా, ఆ రోజు లోకంలో జరిగే శ్రమనూ బాధనూ నైవేద్యంగా భావించి ఒక ప్రార్థన రాసుకున్నారు. ఆయన రచనల్లో శాస్త్రం తెలియనివాళ్ళు కూడా ఇష్టపడేది అదే. 1926లో మళ్ళీ చైనా చేరారు. ఈసారి వెళ్ళింది దాదాపు ప్రవాసమే. నడుమ ప్రయాణాలు మినహా ఇరవై ఏళ్ళు అక్కడే గడిచాయి.

పైవాళ్ళు ఆయన్ను నోరు మూయించడానికి పంపిన చోటే మానవ పరిణామానికి గొప్ప సాక్ష్యాల్లో ఒకటి బయటపడింది. బీజింగుకు సుమారు 50 కిలోమీటర్ల దూరంలో జౌకౌదియన్ అనే సున్నపురాతి గుట్ట. కెనడా వైద్యుడు డేవిడ్‌సన్ బ్లాక్ ఆధ్వర్యంలో తవ్వకాలు. 1929 డిసెంబరు 2న చైనా శాస్త్రవేత్త పెయ్ వెన్‌జోంగ్‌కు అక్కడ మొదటి పుర్రె దొరికింది. అదే పెకింగ్ మానవుడు. పుర్రె కనుగొన్నది తెయార్ అని కొన్నిచోట్ల రాస్తారు, అది తప్పు. ఆయన చేసిన పని వేరు. ఆ గుట్టలో ఏ పొర ఎప్పటిది, ఆ పొరలో దొరికిన జంతువుల ఎముకలు ఏ కాలానివి అన్న లెక్క కట్టడం. యాంగ్ జోంగ్‌జియన్‌తో కలిసి ఆ నివేదికలు తయారుచేశారు. పేపర్లలో పేరు రాని పని. కానీ పొర వయసు తెలియకపోతే పుర్రె వట్టి ఎముక. ఫౌండేషన్ రిపోర్టు లేని డ్యామ్ డిజైను లాంటిది. ఒక మతగురువు, తన మతంలోని పెద్దలు మాట్లాడవద్దన్న విషయానికే సాక్ష్యాన్ని మీటరు మీటరుగా కొలిచి పెట్టారు. శాస్త్ర వ్యాసాలు అచ్చు వేసుకోవడానికి అడ్డు లేదు. వాటి అర్థమేమిటో రాయడానికే అడ్డు.

1935లో మన దేశమూ వచ్చారు. హెల్ముట్ డి టెర్రా బృందంతో కాశ్మీరు, పంజాబు, సింధు తిరిగి నర్మదా లోయకు చేరారు. హోషంగాబాద్, నర్సింగ్‌పూర్ మధ్య ఒడ్డుల్లో బయటపడిన గులకరాళ్ళ పొరల్లో రాతి గొడ్డళ్ళు, పాతకాలపు జంతువుల ఎముకలు దొరికాయి. మనిషి ఎముక దొరకలేదు. 1982లో అరుణ్ సొనాకియా అదే లోయలోని హథ్నోరా దగ్గర మనిషి పుర్రె భాగం కనుగొన్నారు. అలాంటి రాతి పనిముట్లు మన వైపూ తక్కువేం కాదు. కర్నూలు జిల్లాలో దొరికాయి, నాగార్జునకొండ లోయలో దొరికాయి. కర్నూలు బిళ్ళసర్గం గుహల్లో రాబర్ట్ బ్రూస్ ఫూట్ పందొమ్మిదో శతాబ్దంలోనే తవ్వి చూశారు. సాగర్ వెళ్ళినప్పుడు లాంచీ ఎక్కి బుద్ధుడి మ్యూజియం చూసి వచ్చేవాళ్ళు ఈసారి రాతి పనిముట్ల దగ్గర కూడా రెండు నిమిషాలు ఆగండి.

1938 నుంచి 1940 వరకు పెకింగ్‌లో కూర్చుని తన ప్రధాన గ్రంథం రాశారు. తెలుగులో చెప్పుకోవాలంటే 'మానవ దృగ్విషయం'. పదార్థం నుంచి ప్రాణం, ప్రాణం నుంచి ఆలోచన. భూమి మీద రాతిపొర, నీటిపొర, గాలిపొర, ప్రాణిపొర ఉన్నట్టే మనుషుల ఆలోచనలన్నీ అల్లుకుని ఇంకో పొర తయారవుతోందన్నారు. దానికి నూస్ఫియర్ అని పేరు. ఇంటర్నెట్ వచ్చాక ఆ మాట మళ్ళీ వాడుకలోకి వచ్చింది. వాట్సాప్ గ్రూపులు చూస్తే ఆయన ఏమనేవారో మరి! సంక్లిష్టత పెరిగేకొద్దీ చైతన్యం పెరుగుతుందనీ, ఇదంతా చివరికి ఒమేగా అనే ఒక బిందువు వైపు సాగుతోందనీ, అదే క్రీస్తు అనీ ఆయన దర్శనం.

ఇక్కడ నా మాట కూడా చెప్పాలి. పొరల గురించి ఆయన రాసింది నేను నమ్ముతాను. ఒమేగా బిందువును శాస్త్రమని ఒప్పుకోలేను. శక్తిలో రెండు రకాలున్నాయనీ, ఒకటి వస్తువుల్ని ఒకదానితో ఒకటి కలిపేదనీ, ఇంకొకటి వాటిని పైకి, ఇంకా ముందుకు లాగేదనీ అంటారు. ఆ రెండోదాన్ని కొలిచే మీటరేది? 1961లో బ్రిటిష్ జీవశాస్త్రవేత్త పీటర్ మెడవార్ ఈ పుస్తకాన్ని చీల్చి చెండాడారు. ఆ సమీక్షలో చాలా భాగం సబబే. జాతుల గురించి, మనుషుల్ని మెరుగుపరచడం గురించి తెయార్ రాసిన కొన్ని మాటలు ఇవాళ చదివితే ఇబ్బందిగా ఉంటాయి, అదీ దాచకూడదు. అయితే అదే పుస్తకం ఇంగ్లీషు అనువాదానికి ముందుమాట రాసింది దేవుణ్ణి నమ్మని జూలియన్ హక్స్‌లీ. తెయార్‌ను మెచ్చుకున్న మరొకరు జన్యుశాస్త్రవేత్త దొబ్జాన్‌స్కీ, ఆయన ఆర్థొడాక్స్ క్రైస్తవుడు. పరిణామం లేకుండా జీవశాస్త్రం అర్థం కాదని వాదిస్తూ ఆయన 1973లో అమెరికా జీవశాస్త్ర ఉపాధ్యాయుల పత్రికలో రాసిన ప్రసిద్ధ వ్యాసంలో తెయార్‌ను ప్రస్తావించారు. మన ఉపాధ్యాయులు దొరికితే చదవండి.

ఆ పుస్తకం అచ్చుకు రోము అనుమతి ఇవ్వలేదు. 1948లో స్వయంగా రోము వెళ్ళి అడిగారు. ఇవ్వలేదు. పారిస్‌లో కొలేజ్ ద ఫ్రాన్స్ ఆచార్య పదవికి పోటీ చేయడానికీ ఒప్పుకోలేదు. 1950లో ఫ్రెంచి సైన్సు అకాడమీకి ఎన్నికయ్యారు. అదే ఏడాది పోపు పన్నెండో పయస్ విడుదల చేసిన పత్రం, మనిషి శరీరం పరిణామంలో వచ్చిందా అని పరిశోధించవచ్చు గానీ, ఆదాము ఒక్కడు కాదనే మాటను మాత్రం ఆమోదించలేమంది. 1922 నాటి నోటు అడిగింది సరిగ్గా దాన్నే.

1951లో న్యూయార్క్ చేరారు. అక్కడి వెన్నర్ గ్రెన్ ఫౌండేషన్‌లో పరిశోధన. అమెరికా వెళ్ళే ముందు ఒక పని చేశారు. తన రాతప్రతుల హక్కులన్నీ పారిస్‌లో తన పనులు చూసే జాన్ మోర్తియే అనే ఆవిడకు రాసిచ్చారు. అప్పటికే ఆ వ్యాసాలు సైక్లోస్టైల్ కాపీలుగా చేతులు మారుతున్నాయి. బతికున్నంతకాలం మాట తప్పలేదు, అనుమతి లేకుండా అచ్చు వేయలేదు. పోయాక అచ్చు వేసే మనిషి సభ సభ్యురాలు కాదు. దీన్ని లొసుగంటారో లౌక్యమంటారో చదివేవాళ్ళ ఇష్టం. టెండరు నిబంధనలు చదివి చదివి ఉన్నవాణ్ణి కాబట్టి నేను మాత్రం ముచ్చటపడ్డాను.

1955 ఏప్రిల్ 10న, ఈస్టర్ ఆదివారం నాడు, న్యూయార్క్‌లో పోయారు. అంత్యక్రియలకు వచ్చినవాళ్ళు కొద్దిమందే. హడ్సన్ నది ఒడ్డున జెసూట్ శిక్షణాలయం శ్మశానంలో పూడ్చారు. తర్వాత ఆ శిక్షణాలయాన్ని ఒక వంటల కళాశాల కొనుక్కుంది. సమాధి మాత్రం ఆ ఆవరణలోనే ఉంది. ఆ ఏడాదే పుస్తకం ఫ్రెంచిలో అచ్చయింది, వెంటనే లక్షల మంది చేతుల్లోకి వెళ్ళింది. 1962లో రోము ఆయన రచనల్లో అస్పష్టతలూ తప్పులూ ఉన్నాయని, విద్యార్థుల్ని కాపాడాలని హెచ్చరిక జారీ చేసింది. 1996లో పోపు రెండో జాన్ పాల్, పరిణామ సిద్ధాంతాన్ని ఇక వట్టి ఊహ అనలేమని ఒప్పుకున్నారు.

మన దగ్గర కథ అటుదిటుగా నడిచింది. 2023లో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి సైన్సు పుస్తకంలో పరిణామం భాగం తీసేసిన సంగతి బయటికొస్తే, 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు అభ్యంతరం చెబుతూ సంతకాలు చేశారు. పిల్లల మీద భారం తగ్గించడానికన్నది వాళ్ళ వివరణ. పదో తరగతి తర్వాత సైన్సు గ్రూపు తీసుకోని పిల్లలకు మళ్ళీ ఆ పాఠం ఎదురుపడదు. మన బడిలో వెనక బెంచీవాడు లేచి అడిగిన ప్రశ్న అడగడానికి ముందు ఎవరో బోర్డు మీద గుర్రం కాలు గీయాలి కదా. జవాబు ఏమైనా కానివ్వండి.

అదే 2023 సెప్టెంబరులో పోపు ఫ్రాన్సిస్ మంగోలియా వెళ్ళారు. ఉలాన్‌బాటర్‌లో జరిగిన పూజలో, వందేళ్ళ కిందట అక్కడికి దక్షిణాన ఓర్డోస్ ఎడారిలో రొట్టె లేక రాసుకున్న ఆ ప్రార్థనను తలుచుకున్నారు. రాసినాయన పేరు కూడా చెప్పారు. 1962 నాటి హెచ్చరికను ఆ రోజుకు కూడా లాంఛనంగా రద్దు చేయలేదు.